కుడివైపు గుండె

బందరు కోనేరు సెంటర్లో ఫర్హానాను గుడివాడ బస్సెక్కించి వదిలేశాం. ఒళ్లో సంచీ, సంచీలో టాబ్లెట్, కడుపులో మంట. ఆ మంట సంగతి మొదటినుంచీ చదువుతున్నవాళ్లకి తెలుసు. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి బస్సు కదిలిస్తాను.

ఫర్హానా కార్టూన్ బొమ్మలకు ఎముకలు గీస్తుంది. పిల్లలు టీవీకి అతుక్కుపోయి చూసే బావురుబాబు లేడూ, పళ్లేలంత కళ్లు, చేతికి నాలుగే వేళ్లు ఉన్న నీటిపిల్లి, వాడి తోలు తీసి చూస్తే లోపల ఏముంటుందన్నది ఆ పిల్ల పిచ్చి. అంతేసి కళ్లకు పుర్రెలో చోటిస్తే మెదడుకు జాగా మిగలదు. అందుకని మెదడును మెడ వెనక్కి దించి, దానికి వీపు మీద చిన్న గూడు కట్టింది. చేతులు వీధి చివరిదాకా సాగే రబ్బరు రంగడికి గొడుగు ఊచల్లా మడతపడే ఎముకలు పెట్టింది. చిన్నప్పుడు ఇంట్లో కోడికూర వండిన రోజు ఎముకలన్నీ కడిగి, ఎండబెట్టి, మళ్లీ కోడిలా పేర్చి తల్లి సయీదా చేత చీవాట్లు తిన్న మనిషి. పెద్దయ్యాక ఆ పనే టాబ్లెట్ మీద చేస్తోంది, అంతే తేడా.

పని చేసేది బందరులో జయకృష్ణ నడిపే ఫ్లెక్సీల షాపులో. అతనిది అవనిగడ్డ. ఆమెకు టాబ్లెట్ పట్టుకోవడం నేర్పింది అతనే, అన్నయ్యా అని పిలిపించుకున్నదీ అతనే. అలాంటి జయకృష్ణ నిన్న పెళ్లికెళ్తున్నానని షాపుకి తాళం వేశాడు. ఈ ఉదయం గుడివాడలో టీచరుగా ఉన్న స్నేహితురాలు లిఖిత ఒక ఫోటో పంపింది. కల్యాణ మండపం గోడల నిండా ఫర్హానా గీసిన బొమ్మలు. వాటి ముందు నిచ్చెనెక్కి మేకు కొడుతున్న జయకృష్ణ. కింద లిఖిత రాసిన మాట: “బావురుబాబు కార్టూన్ తీసే హైదరాబాదు కంపెనీ వాళ్లు వచ్చారే. బొమ్మలు గీసినవాళ్లతో మధ్యాహ్నం సంతకం పెట్టించుకుంటారట. నువ్వు రాలేదేం?”

సంతకం పడిందంటే ఆ ఎముకలన్నీ కంపెనీవి, పేరు సంతకం పెట్టినవాళ్లది. ఆ తర్వాత ఫర్హానా తన బొమ్మలే తను గీసినా కాపీ కొట్టిందంటారు. పోయిన వారం మనం ఆగింది ఇక్కడే.

బస్సు పెడన దాటేసరికి ఆమె మనసులో తగాదా మొత్తం సిద్ధమైపోయింది. ఆమె దగ్గర తిరుగులేని రుజువు ఉంది మరి. తను గీసిన ప్రతి బొమ్మలోనూ గుండె కుడివైపు ఉంటుంది. అదేం గొప్ప ఆలోచన కాదు, ఒట్టి పొరపాటు. తండ్రి బషీర్ కలంకారీ గుడ్డల మీద అద్దే టేకు అచ్చులు చెక్కుతాడు. అచ్చులో ఎడమనున్నది గుడ్డ మీద కుడికి వస్తుంది గనక, అచ్చు కోసం గీసే బొమ్మను తిరగేసి గీయాలి. పలక పట్టిన నాటినుంచీ తండ్రికి అలా గీసిచ్చి గీసిచ్చి, ఇప్పుడు టాబ్లెట్ మీద కూడా ఆమె చెయ్యి దానంతటదే తిరగేసి గీస్తుంది. అన్ని బొమ్మలూ అయ్యాక గానీ ఆ సంగతి చూసుకోలేదు. చూసుకుని నవ్వుకుంది, కార్టూనుకి గుండె ఎటుంటేనేం అని వదిలేసింది. జయకృష్ణకు ఇది తెలియదు. నలుగురిలో నిలబెట్టి “గుండె ఇటెందుకుంది?” అని ఒక్క మాట అడిగితే అతను నీళ్లు నమలాల్సిందే.

ఇలా అనుకుంటూ గుడ్లవల్లేరు దగ్గర పల్లీలు కూడా కొనుక్కుని తింది. గెలుస్తానన్న ధీమా ఉన్నవాళ్లకి ఆకలి బాగానే వేస్తుంది.

మండపం గుమ్మంలోనే జయకృష్ణ ఎదురయ్యాడు. ఆమెను చూసి ఉలిక్కిపడలేదు. తల దించుకుని, చేతిలోని సుత్తిని పక్కన కుర్చీలో పెట్టాడు.

“వచ్చేశావా,” అన్నాడు.

“పెళ్లి బాగా జరుగుతోందా అన్నయ్యా?”

“ఫర్హానా, నువ్వనుకుంటున్నది కాదమ్మా.”

“నేనేం అనుకుంటున్నానో మీకెలా తెలుసు? నా బొమ్మలు నా టాబ్లెట్లోనూ మీ షాపు కంప్యూటర్లోనూ తప్ప ఇంకెక్కడా లేవు. ప్రింట్లు తీసింది మీరు. గోడకి తగిలించింది మీరు. మధ్యలో నేనేమైపోయాను?”

“ప్రింట్లు తీసింది నేనే. తగిలించిందీ నేనే. సంతకం పెట్టేది మాత్రం నేను కాదు.”

“మరెవరు?”

లోపల మైకు పరీక్షిస్తున్న చప్పుడు వినబడుతోంది. జయకృష్ణ చెయ్యి చాపి స్టేజీ పక్కకు చూపించాడు.

“ముందు ఆ గుడ్డ చూడు. చూశాక ఎంత తిట్టినా పడతా.”

స్టేజీ పక్కన, పైకప్పు నుంచి నేలదాకా ఒక పొడుగాటి నేత గుడ్డ వేలాడుతోంది. ఎరుపూ నలుపూ రంగుల్లో వరసలు వరసలుగా బావురుబాబు ఎముకలు. వీపు మీది గూడు, నాలుగు వేళ్ల చెయ్యి, తోక చివర ఒకదానికంటే ఒకటి చిన్నదవుతూ పోయే పూసలు, అన్నీ ఉన్నాయి. ఎంత బాగుందంటే, ఫర్హానా ఒక్క క్షణం తను కొట్లాడ్డానికి వచ్చానన్న సంగతి మరచిపోయింది. టాబ్లెట్ మీద తేలిపోతూ కనబడే గీత గుడ్డ మీదకొచ్చేసరికి ఒక బరువు తెచ్చుకుంది. నా బొమ్మే, అనుకుంది. తర్వాత గుండె వైపు చూసింది.

గుండె ఎడమవైపు ఉంది.

ఎవడో సరిదిద్దాడనుకుని మొదట ఒళ్లు మండింది. చుట్టూ గోడల మీద తన ప్రింట్లలో కుడివైపే ఉంది, ఈ గుడ్డ మీద మాత్రం ఎడమవైపు. అప్పుడు అర్థమైంది. ఎవరూ సరిదిద్దలేదు. తన బొమ్మను ఉన్నదున్నట్టు చెక్క మీద అంటించి చెక్కారు. అద్దినప్పుడు అది తిరగబడి, గుండె తనంతట తానే సరైన చోటుకి వెళ్లింది.

గుడ్డ కింద బల్ల మీద ఆ అచ్చు కూడా పెట్టారు, జనం చూసి ముచ్చటపడ్డానికి. ఫర్హానా దాన్ని రెండు చేతులా ఎత్తింది. పిడి పట్టుకోగానే బొటనవేలు ఒక చిన్న గుంటలోకి జారి కుదురుగా కూర్చుంది.

బందరులో గానీ పెడనలో గానీ పిడికి గుంట తీసే పనివాడు ఇంకొకడు లేడు. అద్దేవాడి వేలు జారకూడదని బషీర్ ఒక్కడే తీస్తాడు. చిన్నప్పుడు ఫర్హానా ఆ గుంటలో వేలు పెడితే ఇంకా సగం చోటు మిగిలేది. వేలు ఎప్పుడు నిండుతుందా అని ప్రతి కొత్త అచ్చుకీ పెట్టి చూసుకునేది. ఇప్పుడు నిండింది. ఆమె అచ్చును కింద పెట్టలేక, పట్టుకోలేక అలాగే నిలబడిపోయింది.

కొత్త ఆర్డరొచ్చిందని ఆయన ఎన్నాళ్లుగానో వెనకగది తలుపు మూసుకుని ఉలి పట్టుకోవడం గుర్తొచ్చింది. అంతకంటే ముందు ఒకరోజు అన్న మాట గుర్తొచ్చింది. “ఎముకల బొమ్మల కింద మన పేరేంటి బేటీ? నలుగురూ నవ్వుతారు. గీసుకుంటే గీసుకో, పేరు మాత్రం పెట్టకు.” నాన్న మాట కదా అని ఆమె ఒక్క బొమ్మ కింద కూడా పేరు రాయలేదు. ఖాళీగా వదిలేసింది. ఆ ఖాళీ ఆయనకు పనికొచ్చింది.

“నాకు మొదట తెలీదు,” వెనకనుంచి జయకృష్ణ గొంతు. “అమ్మాయి ప్రింట్లు తెమ్మందని వచ్చారు మీ నాన్న. తీసిచ్చా. తర్వాత కంపెనీ వాళ్లు ఫోన్ చేసి బషీర్ గారి బొమ్మలు అన్నప్పుడు తెలిసింది.”

“తెలిశాక?”

“తెలిశాక, అదేంటండీ అని అడుగుదామనే వెళ్లా. మనిషి మొహం వెలిగిపోతోందమ్మా. ఇన్నేళ్లలో ఆయన అలా నవ్వగా నేను చూళ్లేదు. నోరు రాలేదు.”

“ఆయన్ని అడగడానికి నోరు రాలేదా? నాకు చెప్పడానికి రాలేదా?”

“రెండింటికీ రాలేదు.”

“నా టాబ్లెట్లో ఫైళ్లున్నాయి. గీత గీత చూపిస్తాను.”

“చూపించు. తను కాగితం మీద గీస్తే అమ్మాయి కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టిందని వాళ్లకి ముందే చెప్పేశారు మీ నాన్న.”

ఇలాంటప్పుడు ఏడుపు వస్తుందంటారు. ఫర్హానాకు రాలేదు. పొద్దున చేసిన రొట్టెలు గుర్తొచ్చాయి. అవనిగడ్డలో షాహీన్ అత్తకి ఒంట్లో బాగోలేదు, చూసొస్తానని బషీర్ తెల్లారే బయల్దేరితే, దార్లో తినమని తనే రొట్టెలూ ఖీమా సర్ది స్టీలు డబ్బా చేతికిచ్చింది. అత్తని అడిగానని చెప్పమంది. ఆయన సరేనమ్మా అన్నాడు. ఎంత మామూలుగా అన్నాడో తలుచుకుంటే చెవులు వేడెక్కాయి.

స్టేజీ మీద తెర జరిగింది. సభ పెద్ద శ్రీనివాసరావు గారు మైకు పుచ్చుకున్నారు. నాలుగు కుర్చీలు. ఒక దాంట్లో కంపెనీ తరఫున వచ్చిన ఇంద్రజ, కళ్లజోడు పెట్టుకున్న నడివయసు మనిషి. చివరి కుర్చీలో తెల్ల లాల్చీ, తెల్ల టోపీ పెట్టుకుని బషీర్. ఆయన కుర్చీ కిందే స్టీలు డబ్బా ఉంది. మూత మీద సయీదా పేరు చెక్కిన ఆ డబ్బాను ఫర్హానా ఎక్కడున్నా పోల్చుకుంటుంది.

“మన జిల్లాలో ఇలాంటి మహానుభావుడున్నాడని మనకే తెలీదండీ,” అంటున్నారు శ్రీనివాసరావు గారు. “జీవితమంతా చెక్క మీద పూలూ నెమళ్లూ చెక్కిన చెయ్యి, ఈ వయసులో మన పిల్లలు చూసే కార్టూన్ల లోపలికి తొంగి చూసింది!”

చప్పట్లు. శాలువా కప్పారు. బషీర్ ఆ శాలువా అంచును వేళ్లతో తడిమి చూసుకుంటున్నాడు, గుడ్డ చూస్తే నాణ్యం చూడకుండా ఉండలేని మనిషి. ఆయన్నలా చూస్తే జాలేసింది, ఆ జాలి వేసినందుకు ఫర్హానాకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఇంద్రజ మైకు తీసుకుంది. “సంతకాలకి ముందు ఒక్క చిన్న సందేహం బషీర్ గారూ. గోడ మీద ప్రింట్లలో గుండె కుడివైపు ఉంది. గుడ్డ మీద ఎడమవైపు ఉంది. ఎందుకండీ?”

అది ఫర్హానా అడగాల్సిన ప్రశ్న. బస్సులో కూర్చుని పదును పెట్టుకున్న ప్రశ్న.

బషీర్ నెమ్మదిగా లేచాడు. “అది నా పొరపాటేనమ్మా,” అన్నాడు. “అచ్చులు చెక్కేవాణ్ని కదా. గుడ్డ మీద తిన్నగా రావాలంటే మేం తిరగేసి గీస్తాం. చెయ్యి అలా అలవాటు పడిపోయింది. కాగితం మీద గీసినా కుడి ఎడమా తారుమారైపోతుంది. అద్దితే మళ్లీ సరిగ్గా వస్తుంది.”

“అద్భుతం!” అంది ఇంద్రజ. “ఇంకేం కావాలండీ? ఇవి మీ చేతి బొమ్మలేనని దీంతోనే తెలిసిపోతోంది.”

హాలంతా చప్పట్లతో మోగింది. బొమ్మలు పోతే పోయాయనుకోవచ్చు. పేరు పోతే, అదెప్పుడూ లేనిదే అనుకోవచ్చు. తన పొరపాటును కూడా ఆయన పట్టుకుపోయాడు. అది ఆమెదని తెలిసే పట్టుకుపోయాడు. నమ్మినవాళ్ల చేతిలో మోసపోవడమంటే ఇదేనా అనుకుంది, ఈలోగా కాళ్లు స్టేజీ మెట్ల దాకా నడిచేశాయి.

ఇంట్లో అబ్బా అని పిలిచే మనిషిని నలుగురిలో నాన్నా అని పిలవడం ఆమెకు అలవాటు. ఆ అలవాటు కూడా తప్పింది.

“అబ్బా!”

బషీర్ తల తిప్పాడు. శాలువా ఒక భుజం మీదనుంచి జారింది. ఆయన దాన్ని సర్దుకోలేదు.

“షాహీన్ అత్త ఎలా ఉంది?”

ముందు వరసలో వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

ఫర్హానా గొంతు తగ్గించింది. ఇక మిగతాది ఆయన ఒక్కడికే. “అచ్చు చెక్కినవాడి పేరు గుడ్డ మీద ఎవడూ వెయ్యడని ఎన్నిసార్లు అన్నం ముందు కూర్చుని తినకుండా లేచారు మీరు? అమ్మీ నేనూ ఎన్నిసార్లు బతిమాలి కూర్చోబెట్టాం? పేరు లేకపోతే ఎలా ఉంటుందో మన ఊళ్లో మీ ఒక్కరికే తెలుసబ్బా. తెలిసి కూడా నాకే ఆ పని చేశారు.”

“ఇక్కడొద్దు బేటీ. ఇంటికెళ్లాక మాట్లాడదాం.”

“ఇంటికెళ్లేసరికి సంతకం అయిపోతుంది.”

“ఈ అమ్మాయి ఎవరండీ?” ఇంద్రజ ముందుకు వంగింది.

ఫర్హానా సంచీలోంచి టాబ్లెట్ తీసి బల్ల మీద పెట్టింది. “మేడమ్, దీన్ని వెనకున్న ఆ పెద్ద తెరకి కలపండి. బషీర్ గారు గోడ మీద లేని బొమ్మ ఒకటి ఇప్పుడిక్కడే గీస్తారు. సీసా పిచ్చుక. మీ కార్టూన్లోదే, సీసాలో కాపురముండే పిచ్చుక. దానికి ఎముకలు ఎలా ఉంటాయో గీయమనండి.”

సీసా పిచ్చుకను ఆమె మొన్ననే మొదలుపెట్టింది. ప్రింటు తీయలేదు, జయకృష్ణకు చూపించలేదు. పైగా బషీర్ ఏనాడూ ఆ టాబ్లెట్‌ను ముట్టుకున్నది లేదు. వరండాలో ఆమె గీసుకుంటుంటే టీ గ్లాసు పక్కన పెట్టి, ఆ ఎముకలు చూడలేనట్టు మొహం తిప్పుకుని వెళ్లిపోయేవాడు. ఈ ఆటలో ఆయన గెలిచే వీల్లేదు.

జయకృష్ణ వచ్చి వైరు కలిపాడు. పెద్ద తెర తెల్లగా వెలిగింది. బషీర్ పెన్ను తీసుకుని, ఉలిని పట్టుకున్నట్టు కొంచెం కిందికి పట్టుకున్నాడు.

తర్వాత గీయడం మొదలుపెట్టాడు.

ముందు ముక్కు. ముక్కు వెనక బటాణీ గింజంత పుర్రె. సీసా మూతిలోంచి దూరాలి గనక లోపలికి మడుచుకునే పక్కటెముకలు. చుట్టలు చుట్టుకున్న వెన్నెముక. ఆ చుట్టలు ఫర్హానావి. ఎన్ని చెరిపి ఎన్ని గీస్తే కుదిరాయో తనకు తెలుసు. టీ గ్లాసు పెట్టి మొహం తిప్పుకున్న మనిషి వెళ్లిపోలేదన్న మాట. తన కుర్చీ వెనకే నిలబడ్డాడు, రోజూ, చప్పుడు చేయకుండా, గీత తర్వాత గీత. చిన్నప్పుడు ఆయన ఉలి కదలికను తను ఎలా చూసి నేర్చుకుందో అలాగే తనను చూసి నేర్చుకున్నాడు. మెచ్చుకోలేదు, ఒక్కసారి కూడా బాగుందమ్మా అనలేదు. నేర్చుకున్నాడు.

హాలంతా తెర వైపు చూస్తోంది. రెక్క ఎముకలు పూర్తయ్యాయి, కాళ్లు పూర్తయ్యాయి.

“సార్, ఇంతకీ ఈ అమ్మాయి…” అని మళ్లీ అడిగింది ఇంద్రజ.

బషీర్ తల ఎత్తకుండానే చెప్పాడు. “మా అమ్మాయండీ, ఫర్హానా. ఈ పనంతా నా దగ్గరే నేర్చుకుంది.”

“అదీ సంగతి! అచ్చం తండ్రి పోలిక!” అని ముందు వరసలో ఒకావిడ నవ్వింది. శ్రీనివాసరావు గారు మైకులో “తండ్రికి తగ్గ కూతురు” అన్నారు. మళ్లీ చప్పట్లు, ఈసారి ఫర్హానా కోసం కూడా.

ఆయన అన్నదాంట్లో అబద్ధం ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంటే ఆమె చూపించలేదు. తిరగేసి గీయడం ఆయన దగ్గరే నేర్చుకుంది.

బషీర్ పెన్ను ఎత్తి ఆమె వైపు చాపాడు. అప్పుడు చూసింది ఫర్హానా. పిచ్చుక మొత్తం ఉంది. పక్కటెముకల మధ్య మాత్రం రెండు వైపులా ఖాళీగా ఉంది. గుండె లేదు.

“గుండె నువ్వు పెట్టమ్మా,” అన్నాడు.

తప్పు దిద్దుకోవడానికి దారి వదిలాడా, కూతురిని నలుగురిలో తన శిష్యురాలిగా నిలబెట్టి ముద్ర వేయించుకుంటున్నాడా, ఆ కళ్లలో వెతికితే ఏమీ దొరకలేదు. పక్క బల్ల మీద సంతకాల కాగితాలున్నాయి, వాటి మీద ఇంద్రజ పెన్ను మూత తీసి పెట్టింది.

కుడివైపు పెడితే, చూశారా తండ్రి అలవాటే వచ్చిందంటారు. ఎడమవైపు పెడితే, ఆ గోడల మీదున్నవేవీ ఈమె గీసినవి కావంటారు. పెట్టకుండా వెళ్లిపోతే ఆయన సంతకం పెట్టేస్తాడు.

ఫర్హానా తండ్రి చాపిన పెన్ను అందుకుంది. దాని కొస టాబ్లెట్ మీద ఆనగానే పెద్ద తెర మీద పిచ్చుక పక్కటెముకల మధ్య ఒక నల్ల చుక్క పడింది. హాల్లో అందరూ ఆ చుక్క ఎటు కదులుతుందా అని చూస్తున్నారు. బషీర్ ఒక్కడే అటు చూడలేదు. వంగి, కుర్చీ కిందున్న స్టీలు డబ్బాను చేతిలోకి తీసుకున్నాడు. దాని మూత ఇంకా తెరవనే లేదు.